పాట ఖాయం... పాటదారు మాయం!

ఆన్‌లైన్ వేలంలో అమ్మేవారు ముందే తెలుసుకోవలసిన సంగతులు

ఊరి చెరువులో చేపల పాట అంటే ముందురోజే దండోరా వేస్తారు. మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు నలుగురూ చేరతారు. సర్కారు పాట ఇంత అని చెప్పి, ధరావతు కట్టినవాళ్లనే పాడనిస్తారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కొట్టేశాక ఆ పాటదారు ఎక్కడికీ పోలేడు. ఒకవేళ పోయినా అతని ఇల్లెక్కడో, పొలమెక్కడో, బావమరిది ఎవరో ఊరందరికీ తెలుసు. పైగా కట్టిన ధరావతు పంచాయతీ దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు వేలం పాట ఫోనులోకి వచ్చింది. పాత నాణేలు, తపాలా బిళ్లలు, పాత కెమెరాలు, గ్రామఫోను రికార్డులు సేకరించేవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లోనూ, ఫేస్‌బుక్‌లోనూ రోజూ వేలం వేసుకుంటున్నారు. విదేశాలకు అమ్మేవాళ్లు ఈబే వంటి వేదికలను ఆశ్రయిస్తున్నారు. ఇంటి గడప దాటకుండా నాలుగు రూపాయలు కళ్లజూసే మార్గమే ఇది, కాదనలేం. అయితే ఇందులో ఒక చిక్కుంది. హెచ్చు పాట పాడినవాడు మర్నాటి నుంచి పత్తా లేకుండా పోతే ఏమిటి దారి? ఫోను ఎత్తడు. సందేశం చూసినట్టు నీలం గీతలు పడతాయి, జవాబు రాదు. కొందరి విషయంలో ఆ గీతలు కూడా పడవు.

ఉదాహరణకు, తెనాలిలో ఫొటో స్టూడియో మూసేసిన ఒకాయన తన పాత యాషికా కెమెరాను ఒక గ్రూపులో వేలానికి పెట్టారనుకుందాం. పిల్ల కాలేజీ ఫీజు గడువు దగ్గర పడింది. ఆ లోటు దీనితో కొంతైనా పూడుతుందని ఆయన ఆశ. ఆరు వేల నుంచి పాట మొదలైంది. ముగ్గురు పోటీ పడ్డారు. మూడో ఆయన తొమ్మిది వేల దగ్గర ఆగిపోయారు. మిగిలిన ఇద్దరూ పట్టుదలకు పోయి, రాత్రి తొమ్మిది గంటలకు గడువు ముగిసేసరికి ఒకరు పద్నాలుగు వేలు, మరొకరు పద్నాలుగు వేల అయిదు వందలు పాడారు. గెలిచినాయన “రేపు పొద్దున్నే డబ్బు పంపుతా” అని రాశారు. మూడు రోజులైనా ఆ పొద్దు పొడవలేదు.

ఇక్కడ నష్టపోయింది పద్నాలుగు వేల అయిదు వందలు కాదు. కెమెరా ఇంట్లోనే ఉంది. పోయినవి రోజులు. ఫీజు గడువు ఆగదు కదా. పాటలో ఓడిన ఇద్దరూ ఈలోగా వేరే కెమెరా చూసుకోవచ్చు. పైగా అమ్మకందారుకు ఒక అవస్థ. ఈ వస్తువు అమ్ముడుపోయినట్టా, పోనట్టా? వేరేవారికి ఇచ్చేశాక మొదటివాడు వచ్చి నిలదీస్తే?

దొంగలే కానక్కరలేదు

మాయమైన ప్రతి పాటదారూ మోసగాడనుకోవడం పొరపాటు. కొందరికి పాడేటప్పటి వేడి తెల్లారేసరికి దిగిపోతుంది. ఇంట్లో చెప్పుకోలేరు, అమ్మకందారుకు చెప్పడానికి మొహం చెల్లదు. అందుకని ఫోను ఎత్తరు. కొందరు ఒకే రకం వస్తువు మీద రెండుమూడు చోట్ల పాడి, చౌకగా వచ్చినది తీసుకుని మిగతావి వదిలేస్తారు. తండ్రి ఫోను తీసుకుని పిల్లలు పాడేసిన సందర్భాలుంటాయి. ఆసుపత్రి పాలైనవాళ్లూ ఉండవచ్చు. ఈమెయిల్ ద్వారా సాగే వేదికల్లో అసలు మీ ఉత్తరం అవతలివారి చెత్తబుట్టలో పడి ఉండటం మామూలే.

ఇంకో రకం ఉంది. అమ్మకందారే ధర పెంచడానికి తన మనిషి చేత పాడిస్తాడు. లెక్క తప్పి పాట ఆ మనిషి మీదే ఆగిపోతుంది. అప్పుడు “పాటదారు దొరకడం లేదు” అని రెండో ఆయనకు కబురు పెడతాడు. 1930 నాటి సరకుల విక్రయ చట్టం దీన్ని ఒప్పుకోదు. ధర పెంచడానికి దొంగపాట పాడించినట్టు తేలితే, కొన్నవారు ఆ కొనుగోలును రద్దు చేసుకోవచ్చునని 64వ సెక్షను చెబుతోంది. ఈ అలవాటు కొందరికి ఉండబట్టే నిజాయితీపరుడైన అమ్మకందారు మాటను కూడా జనం నమ్మలేకపోతున్నారు.

కారణం ఏదైనా మొదటి రోజున చేయవలసింది ఒకటే. మర్యాదగా, రాతపూర్వకంగా, గడువుతో సహా అడగాలి. “మీరు ఫలానా తేదీన ఫలానా వస్తువు ఇంతకు పాడారు. ఫలానా రోజు సాయంత్రం ఆరు గంటల్లోగా డబ్బు అందకపోతే పాట రద్దయినట్టే. వస్తువు వేరేవారికి అమ్ముతాం” అని నాలుగు వాక్యాలు చాలు. గ్రూపులో ఒకటి, విడిగా ఆయన నంబరుకు ఒకటి, ఉంటే ఈమెయిల్‌కు ఒకటి పంపాలి. పంపినవాటిని, పాట తాలూకు సందేశాలను ఫొటో తీసి దాచుకోవాలి. ఫోను చేసి అడగడం మంచిదే గాని, ఫోను మాటకు సాక్ష్యం ఉండదు. రోజుకు ఇరవైసార్లు మోగించడం వల్ల ప్రయోజనమూ లేదు.

ఈ నోటీసు ఎందుకంత ముఖ్యమో చాలామందికి తెలియదు. సరకుల విక్రయ చట్టం ప్రకారం సుత్తి దెబ్బతో గాని, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గాని పాట ముగిసినట్టు ప్రకటించగానే అమ్మకం పూర్తయినట్టే. ఒప్పందం ఫోను మీద, కంప్యూటరు మీద జరిగిందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఎ సెక్షను అంటోంది. కనుక డబ్బు రాకపోయినా అక్కడ ఒక ఒప్పందం ఉంది. డబ్బు అందని అమ్మకందారు వస్తువును తన వద్దే ఉంచుకుని, తిరిగి అమ్ముతానని నోటీసు ఇచ్చి, సముచితమైన గడువు తర్వాత అమ్ముకోవచ్చు. మళ్లీ అమ్మినప్పుడు ధర తగ్గితే ఆ లోటును మొదటి పాటదారు నుంచి కోరవచ్చు. ఇదంతా 54వ సెక్షనులో ఉంది.

అదే సెక్షనులో ఒక తమాషా కూడా ఉంది. నోటీసు ఇవ్వకుండా అమ్మితే లోటు అడిగే హక్కు పోతుంది. అంతటితో ఆగదు. మారు అమ్మకంలో లాభం వస్తే అది మొదటి పాటదారుకే చెందుతుంది! మన స్టూడియో ఆయన నోటీసు లేకుండా కెమెరాను పదహారు వేలకు అమ్మారనుకోండి. ఆ పైన వచ్చిన పదిహేను వందలు నావేనని మాయమైన మనిషి ప్రత్యక్షమై అడగవచ్చు. అలా అడిగేవాడు ఎక్కడైనా ఉంటాడా అంటే అది వేరే మాట. త్వరగా పాడయ్యే సరకుకు మాత్రం నోటీసు అక్కరలేదు. వేలానికి పెట్టేటప్పుడే “రెండు రోజుల్లో డబ్బు రాకపోతే పాట రద్దు, మళ్లీ అమ్మే హక్కు మాది” అని షరతు రాసిపెట్టుకుంటే అమ్మకందారు పని మరింత సులువవుతుంది. ఇంత చిన్న షరతు రాసేవాళ్లు ఎంతమంది?

పోతే, కోర్టు మాట. హక్కు ఉండటం వేరు, దాన్ని రాబట్టుకోవడం వేరు. అసలు పేరు, ఊరు తెలియని మనిషి మీద, రెండు మూడు వేల లోటు కోసం దావా వేస్తే వకీలు ఫీజుకే అంతకు మించి అవుతుంది. పెద్ద మొత్తమైతే ఆలోచించవచ్చు. చిన్న వస్తువుకు నోటీసు ఇచ్చి, గడువు దాటాక నిశ్చింతగా మళ్లీ అమ్ముకోవడమే లాభసాటి.

రెండో పాటదారుతో ఎలా?

మొదటివాడు పోతే రెండోవాడు ఉన్నాడు కదా అని అందరూ అనుకుంటారు. ఇక్కడే కొంచెం నిదానించాలి. తెనాలి కెమెరా సంగతే చూడండి. రెండో ఆయన పద్నాలుగు వేలు పాడారు, నిజమే. కాని అంతవరకు ఆయనను లాక్కెళ్లింది ఎవరు? మాయమైన మనిషే. ఆ మనిషి పాటలో లేకపోతే మూడో ఆయన తొమ్మిది వేల దగ్గర ఆగారు కనుక, తొమ్మిది వేల రెండు వందలకో మూడు వందలకో కెమెరా రెండో ఆయనదయ్యేది. ఇప్పుడు వెళ్లి “మీ పద్నాలుగు వేలకే ఇస్తాం, తీసుకోండి” అంటే, మొదటి పాటదారు మీ మనిషేనని ఆయన అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అందువల్ల ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి, మొదటివారికి ఇచ్చిన నోటీసు చూపించి, “మీకు ఎంతకైతే సమ్మతం?” అని అడగడం మంచిది. రెండు మాటలు అటూ ఇటూ అయి పదకొండు, పన్నెండు వేల దగ్గర బేరం తెగితే ఇద్దరికీ మంచిదే. ఆయన ఒప్పుకోకపోతే మళ్లీ వేలం పెట్టాలి. కాకపోతే వారం పది రోజులు ఆగి పెట్టాలి. ఇవాళ పోయిన పాట రేపే మళ్లీ కనిపిస్తే వస్తువులో ఏదో లోపం ఉందని జనం చెవులు కొరుక్కుంటారు.

పత్తా లేని పాటదారు ఫొటో, ఫోను నంబరు గ్రూపులన్నిటిలో వేసి తిట్టిపోయడం ఒక ఆచారంగా తయారైంది. ఆ మనిషి నిజంగానే ఆసుపత్రిలో ఉంటే? పరువు నష్టం కింద అమ్మకందారే చిక్కుల్లో పడవచ్చు. గ్రూపు నిర్వాహకులకు ఆధారాలు చూపించి, పాడనివ్వకుండా చేయమని కోరడం వరకే సబబు.

ఈబేలో నాలుగు రోజులు

మన దేశంలో ఈబే కథ కొంత వేరు. 2004లో బాజీ డాట్ కామ్‌ను కొనుక్కుని ఇక్కడ అడుగుపెట్టిన ఆ సంస్థ దేశీయ వేదిక 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు ఇక్కడి అమ్మకందారులు దాని ద్వారా విదేశీ కొనుగోలుదారులకు అమ్ముతున్నారు. వాళ్ల పగలు మనకు రాత్రి. ఒక్కపూట జవాబు రాలేదని కంగారు పడనక్కరలేదు.

అక్కడి నియమం ప్రకారం గెలిచినవారికి డబ్బు కట్టడానికి నాలుగు రోజుల వ్యవధి ఉంటుంది. అయిదో రోజు నుంచి “కొనుగోలుదారు చెల్లించలేదు” అన్న కారణం చూపి అమ్మకందారు రద్దు చేయవచ్చు. 30 రోజుల్లోగా చేయాలి. ఆ కారణం చూపితేనే ఆ కొనుగోలుదారు ఖాతాలో ఎగవేత నమోదవుతుంది. జాలిపడి వేరే కారణం రాస్తే ఆ నమోదు జరగదు. రేపు ఇంకొక అమ్మకందారు అదే మనిషి చేతిలో చిక్కుకుంటాడు. గడువు దాటగానే దానంతటదే రద్దయ్యేట్టు అమరిక కూడా ఉంది. ఎగవేతలు నమోదైన వాళ్లను తమ వస్తువుల మీద పాడకుండా ఆపే వీలూ ఉంది. రెండో పాటదారుకు ఆయన పాడిన ధరకే వస్తువు ఇవ్వజూపే పద్ధతిని అక్కడ “సెకండ్ చాన్స్ ఆఫర్” అంటారు. కెమెరా విషయంలో చెప్పిన అనుమానమే అక్కడా పుడుతుంది. అందుకే దాన్ని తిరస్కరించేవాళ్లు తక్కువేమీ కాదు.

అమ్మకందారులకు అక్కడ కోపం తెప్పించే విషయం మరొకటి. 2008 నుంచి కొనుగోలుదారుల మీద చెడ్డమాట రాసే అవకాశం అమ్మేవాళ్లకు తీసేశారు. ఇటీవల కొన్ని దేశాల్లో మాత్రం పాడటానికి ముందే కార్డు వివరాలు నమోదు చేయమంటున్నారు. ఆలస్యంగానైనా దారిలోకి వచ్చారనుకోవాలి.

ఇక్కడొక మాట. పాత నాణేలు, విగ్రహాలు విదేశాలకు అమ్మాలనుకునేవాళ్లు 1972 నాటి పురావస్తువుల చట్టాన్ని మరువరాదు. నూరేళ్లు దాటిన అటువంటి వస్తువులను, డెబ్భై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులను ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అలాంటి వస్తువు విషయంలో పాటదారు దొరక్కపోవడమే అమ్మకందారు అదృష్టం!

ధరావతు ఉన్నచోట, లేనిచోట

బ్యాంకులు బాకీదారుల ఆస్తులను ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వేలం వేస్తున్నాయి. అక్కడ పాటదారు దొరకలేదన్న బెంగ బ్యాంకుకు అంతగా ఉండదు. ముందే ధరావతు కట్టాలి. పాట ఖాయమైన రోజున, లేదా మరుసటి పనిదినానికల్లా, ధరావతుతో కలిపి మొత్తం ధరలో నాలుగోవంతు చెల్లించాలి. మిగతాది అమ్మకం ఖరారైన పదిహేను రోజుల్లో కట్టాలి. రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెంచుకోవచ్చు గాని, అదీ మూడు నెలలకు మించదు. కట్టకపోతే కట్టినదంతా పోతుంది. తమిళనాడు కేసు ఒకదానిలో 12 కోట్ల 27 లక్షలకు పాడిన వ్యక్తి మిగతాది కట్టలేకపోయారు. ఆయన కట్టిన మూడు కోట్ల పైచిలుకు మొత్తాన్ని బ్యాంకు జప్తు చేసుకోవడం సబబేనని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఇంత సొమ్ము చిక్కుకుని ఉంటే ఫోను ఎత్తనివాడు ఉంటాడా? పాటదారే బ్యాంకు చుట్టూ తిరుగుతాడు.

పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లో బోర్డు వద్ద పేరు నమోదు చేసుకున్న వ్యాపారులే పాడతారు. మార్కెట్ యార్డుల్లోనూ లైసెన్సు ఉన్నవారిదే బేరం. రైతుకు ధర దగ్గర అన్యాయం జరగవచ్చు, డబ్బు ఆలస్యం కావచ్చు. కాని కొన్నవాడెవడో తెలియదన్న దుస్థితి మాత్రం లేదు.

ధరావతు ఉన్నా అది నామమాత్రంగా ఉంటే ఫలితం శూన్యమనడానికి హర్యానా ఉదంతం ఒకటి చాలు. 2025 నవంబరులో అక్కడ వాహనాల ఫ్యాన్సీ నంబర్ల ఆన్‌లైన్ వేలంలో అన్నీ ఎనిమిదులున్న ఒక నంబరు ధర 1 కోటి 17 లక్షల దాకా పోయింది. పత్రికల్లో, టీవీల్లో ఒకటే హోరు. తీరా గడువులోగా పాటదారు డబ్బు కట్టలేదు. పాటలో దిగడానికి కట్టిన పదకొండు వేలు మాత్రం పోయాయి. కోటి రూపాయల మాటకు పదకొండు వేల ధరావతు ఏపాటి కట్టుబాటు?

పెద్ద వేలం సంస్థలకూ ఈ తిప్పలు తప్పలేదు. లండన్ శివార్లలో ఒక ఇల్లు ఖాళీ చేస్తుండగా చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ కాలంనాటి పింగాణీ కూజా ఒకటి బయటపడింది. పది లక్షల పౌండ్లు పలికితే గొప్పనుకున్నారు. 2010 నవంబరులో స్థానిక వేలం సంస్థ దాన్ని పాటకు పెడితే నాలుగు కోట్ల ముప్ఫై లక్షల పౌండ్లు పలికింది! అమ్మిన కుటుంబం ఆనందం ఎంతటిదో చెప్పనక్కరలేదు. కాని డబ్బు రాలేదు. నెలలు గడిచాయి, ఏడాది గడిచింది, రెండేళ్లు దాటాయి. చివరకు 2013లో మరో సంస్థ ద్వారా పాట ధరకు బాగా తక్కువకు దాన్ని వదిలించుకున్నారని వార్తలు వచ్చాయి. ఆ రెండేళ్లూ ఆ కుటుంబం కాగితం మీద కోటీశ్వరులు.

వాట్సాప్ గ్రూపులో కెమెరా అమ్మేవారు బ్యాంకులా నాలుగోవంతు కట్టమంటే ఎవరూ పాడరు. అయినా వీలైనంత కట్టుబాటు పెట్టుకోవచ్చు. గ్రూపు నిర్వాహకుడి వద్ద ప్రతి సభ్యుడూ అయిదు వందలు జమ ఉంచే పద్ధతి ఒకటి. కొత్తగా చేరినవాళ్లు రెండు వేలకు మించి పాడరాదని పరిమితి పెట్టడం మరొకటి. పాట పది వేలు దాటగానే ముగిసేలోగా ఒకసారి ఫోనులో మాట్లాడాలన్న షరతు పెడితే ఉబలాటానికి పాడేవాళ్లు అక్కడే జారుకుంటారు. గెలిచిన గంటలోగా పదోవంతు బయానా పంపాలని, పంపకపోతే ఆ రాత్రికే పాట రద్దని రాయవచ్చు. అయిదు వందల ధరావతు కన్నా ఈ గంట బయానాయే మేలని మా అభిప్రాయం. వేడి చల్లారకముందే డబ్బు కదులుతుంది.

అసలు అన్నిటికీ వేలమే అక్కరలేదు. బజారులో ధర అందరికీ తెలిసిన వస్తువును ఇంత అని చెప్పి, డబ్బు వచ్చాకే ఖాయమని అమ్ముకుంటే ఏ బాధా లేదు. ధర తేలని అరుదైన వస్తువుకే వేలం శోభిస్తుంది.

మరీ తొందరగా దొరికేవాడు

ఫోను ఎత్తని పాటదారు కన్నా, అడగకముందే తానే ఫోను చేసే పాటదారుతో మరింత జాగ్రత్తగా ఉండాలి. తాను మిలటరీలో ఉన్నానని, బేరం అక్కరలేదని, వెంటనే డబ్బు పంపుతానని అంటాడు. ఒక క్యూఆర్ కోడ్ పంపి “దీన్ని స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది” అంటాడు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే గాని, అందుకోవడానికి ఎన్నడూ అక్కరలేదు. ఇంకొకడు పద్నాలుగు వేల అయిదు వందలకు బదులు ఇరవై నాలుగు వేలు పొరపాటున పంపానని, మిగతాది తిప్పి పంపమని ప్రాధేయపడతాడు. ఫోనుకు బ్యాంకు పేరుతో సందేశం కూడా వస్తుంది. ఆ సందేశాన్ని నమ్మరాదు. ఖాతా తెరిచి నిల్వ చూసుకోవాలి. పార్సెల్ రసీదు చూపితేనే బ్యాంకు డబ్బు వదులుతుందని చెప్పేవాడిదీ అదే బాపతు. డబ్బు ఖాతాలో పడకుండా వస్తువు గడప దాటరాదు.

మోసపోయామని తెలిసిన మరుక్షణమే 1930 నంబరుకు ఫోను చేయాలి. సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఎంత త్వరగా చెబితే సొమ్ము చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోను చేసేటప్పుడు లావాదేవీ నంబరు, సమయం, సొమ్ము వెళ్లిన ఖాతా వివరాలు దగ్గర ఉంచుకోవాలి. పాట తాలూకు సందేశాలను కంగారులో తుడిచేయరాదు.